బాగున్నదాన్ని బాగుచేసినవాడు

పోయిన వారం మార్లా క్విగ్లీని షెరీఫ్ ఆఫీసు వాళ్ల షూటింగ్ రేంజిలో చెక్క బల్ల ముందు నిలబెట్టి వచ్చాం. బల్లకి అవతల సార్జెంట్ వెండెల్ స్ట్రూప్, ఆయన చేతిలో కొక్కెం ఉన్న చిన్న త్రాసు. ఆ కొక్కేన్ని ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్‌కి తగిలించి మెల్లగా లాగాడు. ముల్లు ఐదు పౌన్లు దాటాక పడాల్సిన ట్రిగ్గర్ మూడుంబావుకే టక్కున పడింది. మళ్లీ లాగాడు. మళ్లీ మూడుంబావే.

కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్లకి ఒక్క మాట. మార్లా ఆల్డర్ కౌంటీ కోర్టు గుమ్మం దగ్గర పదకొండేళ్లుగా కాపలా కాస్తున్న మనిషి. వయసు యాభై నాలుగు. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఏటా నవంబరులో రేంజికి వచ్చి, తమ పిస్టల్ తనిఖీకి ఇచ్చి, యాభై తూటాలు కాల్చి, పాసయినట్టు కాగితం తీసుకెళ్లాలి. పిస్టల్ ఎవరిది వాళ్లే కొనుక్కుంటారు. కానీ దాని లోపలి సరంజామా కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాలి. ఇవాళ శుక్రవారం, ఇదే ఆఖరు రోజు, మూడింటికి రేంజి తలుపు మూసేస్తారు. కాగితం లేకపోతే సోమవారం నుంచి మార్లాకి గుమ్మం దగ్గర పని లేదు. పని లేకపోతే ఇన్సూరెన్సు లేదు. వచ్చే గురువారం ఆమె మొగుడు డెల్బర్ట్‌కి నడుము ఆపరేషన్ జరగాల్సింది ఆ ఇన్సూరెన్సు మీదే.

ఇక ఆ మూడుంబావు పౌన్లకి కారకుడు కూడా ఆ మొగుడే.

"దీంట్లో ఎవరు చెయ్యి పెట్టారు?" అన్నాడు వెండెల్.

మార్లా చెప్పక్కర్లేదు, ఆయనకే తెలుసు. పోయిన వేసవిలో చర్చి విందుకి ముందు కాఫీ మిషను నీళ్లు సరిగ్గా పోయడం లేదని డెల్బర్ట్ దాన్ని విప్పి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆ చర్చిలో కాఫీ గిన్నెలో కాచి గరిటెతో పోస్తున్నారు. ఆ వరసలో నిలబడి కాఫీ తాగుతున్నవాళ్లలో వెండెల్ ఒకడు.

ఆయన పిస్టల్‌ని విప్పి ముక్కలు తువ్వాలు మీద పరిచాడు. గురి చూసుకునే సైట్లు మార్చుకోవచ్చట, రూల్సులో ఉందట. పట్టుకునే చోట గరుకు పట్టీ వేసుకున్నా అభ్యంతరం లేదట. ట్రిగ్గర్ తాలూకు ముక్కలు, స్ప్రింగులు మాత్రం కంపెనీవే ఉండాలి. ముందు వైపు ఉండే పెద్ద స్ప్రింగుని రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు. అది ఎర్రగా ఉంది. కంపెనీ స్ప్రింగుకి రంగుండదు.

"చూడమ్మా మార్లా, రేపెప్పుడో గుమ్మం దగ్గర తోపులాట జరిగి, అనుకోకుండా నీ వేలు బిగుసుకుందనుకో. ట్రిగ్గర్ ఇంత తేలిగ్గా ఉందని తెలిసి కూడా సంతకం పెట్టిందెవరని లాయరు నన్ను బోనెక్కిస్తాడు."

వచ్చే వారం వస్తానంది మార్లా. పాసయినవాళ్ల జాబితా మూడింటికి పై ఆఫీసుకి వెళ్లిపోతుందన్నాడు. వేరే పిస్టల్ తెస్తానంది. తన పుస్తకంలో మార్లా పేరు మీద ఈ నంబరే రాసుంది, ఇదే తేవాలన్నాడు. చివరికి గోడ గడియారం చూసి, కాస్త జాలిపడి, ఇంకొక మాట కలిపాడు.

"పదకొండున్నరే అయింది. ఇంటికెళ్లి పాత ముక్కలు వేయించుకుని రా. మూడింటి దాకా నేనిక్కడే చస్తుంటాను."

ఇంటికి పాతిక నిమిషాల దారి. కోసేసిన మొక్కజొన్న పొలాల మీదుగా గాలి కారుని పక్కకి నెడుతోంది. మార్లా స్టీరింగుని గట్టిగా పట్టుకుని, మూడు వారాల కిందటి ఆ ఆదివారాన్ని గుర్తు తెచ్చుకుంది. సైట్ల మీద ఆకుపచ్చ చుక్కలుంటే నీ కళ్లకి బాగా ఆనుతాయి, మార్చనా అని డెల్బర్ట్ అడిగాడు. సైట్లే కదా, సరే అంది. అదే ఆమె చేసిన తప్పు. డెల్బర్ట్‌కి సరే అనే మాట ఒక తలుపు లాంటిది. సందు దొరికితే చాలు, సామానంతటితో లోపలికి వచ్చేస్తాడు.

ధాన్యం గోదాములో పని చేసినన్నాళ్లూ బాగానే ఉండేవాడు. నడుము పట్టేసి ఇంట్లో కూర్చున్న ఈ ఎనిమిది నెలల్లో ఇంట్లో ఏ వస్తువూ కొన్నది కొన్నట్టు మిగల్లేదు. గడ్డి కోసే బండి ఇప్పుడు ఎడమవైపుకి మాత్రమే తిరుగుతుంది. వాషింగ్ మిషను బట్టలు పిండేటప్పుడు నడుచుకుంటూ గది మధ్యకి వస్తుంది. పోస్టు డబ్బా మూత ఎంత బాగా బిగిసిందంటే, పోస్టులో వచ్చినవి గుమ్మంలో పెట్టి వెళ్తున్నారు.

గ్యారేజీలో డెల్బర్ట్ నడుముకి బెల్టు కట్టుకుని ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా కాఫీ డబ్బాకి ఆనించిన ఫోనులో ఎవరో గడ్డపాయన ఇంకెవరికో ఇంకేదో విప్పడం నేర్పుతున్నాడు. మార్లాని చూడగానే డెల్బర్ట్ మొహం వెలిగింది.

"ఎంతొచ్చింది? తొంభై దాటావా?"

మార్లా పిస్టల్ పెట్టెని బల్ల మీద పెట్టి, ఫోను బోర్లించింది.

"డెల్బర్ట్, నేనడుగుతాను, నువ్వు చెప్పు. సైట్లు కాక ఇంకేం మార్చావ్?"

ఆ గొంతు విన్న ఏ మొగుడైనా తలొంచుకుంటాడు. డెల్బర్ట్ మాత్రం తన కష్టం గురించి ఎవరో ఒకరు అడిగారు కదా అన్నట్టు వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. ట్రిగ్గర్ కింద ఉండే చిన్న రేకు మార్చాడట, దానివల్లే ఆ మెత్తదనం. దాంతో పాటు రెండు చిన్న స్ప్రింగులు. ముందు పెద్ద స్ప్రింగు, దాని లోపలి ప్లాస్టిక్ కడ్డీ బదులు ఉక్కు కడ్డీ. తూటాలుండే మ్యాగజైనుని వదిలే మీట కాస్త పొడుగుది, ఆమె బొటనవేలు పొట్టిది కాబట్టి. ఇవన్నీ మొదటి మెట్టు పనులేనట, కొత్త పిస్టల్ కొన్న ప్రతివాడూ చేసుకునేవేనట. అసలైన పనులు తను ఇంకా మొదలే పెట్టలేదట.

"సైట్లు మార్చమంటే ఇవన్నీ ఎందుకు చేశావ్?"

"విప్పాను కదా మరి. పన్లో పని."

ఈ రెండు మాటలు మార్లా పెళ్లయిన దగ్గర్నుంచీ వింటోంది. ఈసారి ఆమె కేకలు వెయ్యలేదు. రేంజిలో జరిగింది, మూడింటి గడువు, సోమవారం, ఇన్సూరెన్సు, గురువారం, ఒకదాని తర్వాత ఒకటి, కోర్టులో గుమాస్తా చదివినట్టు చదివింది. గురువారం దగ్గరికి వచ్చేసరికి డెల్బర్ట్ చెయ్యి దానంతటదే నడుము బెల్టు మీదకి వెళ్లింది.

"అంటే నా ఆపరేషనుకి నేనే..."

"నువ్వే. ఎవరూ సాయం చెయ్యకుండా, ఒక్కడివే చేసుకున్నావ్."

డెల్బర్ట్ బల్ల మీది మరకని గోటితో గీకుతూ మెల్లగా అన్నాడు.

"పోయినేడు రేంజి నుంచి వచ్చి వేలు ఐసులో పెట్టుకున్నావు. ఈ ట్రిగ్గర్ లాగుతుంటే కంకర మీద బస్తా ఈడుస్తున్నట్టుందని అన్నావు. ఎనభై రెండే వచ్చింది నీకు. వందకి ఎనభై వస్తే పాసు."

మార్లాకి గుర్తులేదు. అని ఉంటుంది, ఒక్కసారి, వంటింట్లో, అటు తిరిగి. ఆమె వేలి కణుపులు చలికాలం వాస్తే ఇప్పటికీ మాత్ర వేసుకుంటుంది, ఎవరికీ చెప్పదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఈ మనిషి ఏడాది పాటు వీడియోలు చూశాడు. ఇలాంటి మనిషితో వచ్చిన చిక్కే ఇది, తనివితీరా తిట్టుకోవడానికి కూడా ఉండదు. సగం తిట్టాక అతను చేసిన మంచేదో గుర్తొస్తుంది. దానికి కోపం ఇంకా ఎక్కువవుతుంది.

"పాత ముక్కలేవి?" అంది.

ఈ పని మరిగినవాళ్లకి ఒక కట్టుబాటుంది, కంపెనీ ముక్కలు పారెయ్యరు. బ్రెడ్డు ముక్కలు కట్టుకెళ్లే సన్న సంచుల్లో వేసి, మీద తేదీ రాసి దాస్తారు. డెల్బర్ట్ దగ్గర అలాంటి సంచులు నాలుగు కాఫీ డబ్బాల నిండా ఉన్నాయి. పన్నెండున్నరకి ఆ తేదీవి దొరికాయి, ఒకటి కాదు, రెండు.

"రెండెందుకున్నాయి?" అంది మార్లా.

అప్పుడు బయటపడింది. ఆ రోజు తువ్వాలు మీద ఒక పిస్టల్ కాదు, రెండున్నాయి. మార్లాది ఒకటి, అచ్చం అలాంటిదే డెల్బర్ట్‌ది ఒకటి. అది మూడేళ్ల కిందట తమ్ముడు కార్విన్ ఊరొదిలి వెళ్తూ అన్నకి ఇచ్చి వెళ్లింది. ఆకుపచ్చ సైట్లు రెండు జతలు కొంటే చవకగా వచ్చాయని డెల్బర్ట్ రెంటికీ ఒకేలా బిగించాడు. పక్కపక్కనే విప్పాడు, పక్కపక్కనే బిగించాడు. మధ్యలో ఫోనొస్తే లేచి వెళ్లాడు కూడా.

సంచుల్లో చిన్న స్ప్రింగులున్నాయి, రేకున్నది, ప్లాస్టిక్ కడ్డీ ఉన్నది, మీటున్నది. ముందు వైపు పెద్ద స్ప్రింగు మాత్రం ఒకటే ఉంది. అది డెల్బర్ట్‌ది. ఏమవుతుందో చూద్దామని రెండు చుట్లు కత్తిరించి పెట్టాడు. ఇక పనికిరాదు.

"నాదేది?"

డెల్బర్ట్ డబ్బాలన్నీ బల్ల మీద బోర్లించాడు. మేకులు, మరలు, గొలుసు ముక్కలు, ఎప్పుడో పోయిందనుకున్న మార్లా చెవిపోగు ఒకటి. స్ప్రింగు లేదు. దాన్ని దేనికో వాడానన్నాడు. మంచి పనికే వాడానన్నాడు. దేనికన్నదే తట్టడం లేదు. దోమతెర తలుపు చూశారు, చెత్త డబ్బా మూత చూశారు, వీధి గుమ్మం గంట చూశారు. నడుము పట్టుకుని కుంటుకుంటూ ప్రతి చోటికీ వచ్చి, "ఇక్కడ కాదులే," అని చెప్పడం తప్ప అతని వల్ల ఒరిగిందేమీ లేదు.

ఒంటిగంటా పది. చేతులకంటిన నూనె కడుక్కుందామని మార్లా బాత్రూములోకి వెళ్లింది. టాయిలెట్ కాగితం చుట్ట అయిపోయి ఉంది. కొత్తది పెడదామని చుట్టని తొడిగి గోడకి బిగించే గొట్టాన్ని పట్టుకుంది. ఈ గొట్టంతో మూడు వారాలుగా ఆమెకి యుద్ధమే. రెండు చివర్లూ నొక్కితే లోపలికి వెళ్లాలి. ఇది వెళ్లదు. గోడకి కాలు తన్నిపెట్టి నొక్కాలి. చవక కొట్టులో కొంటే ఇంతేనని ఆ కొట్టువాణ్ణి మూడు వారాలుగా తిట్టుకుంటోంది. ఇవాళ నూనె చేతుల్తో నొక్కేసరికి గొట్టం జారి, ఎగిరి, అద్దానికి తగిలి, సింకులో పడి రెండు ముక్కలైంది. లోపల్నుంచి నాలుగంగుళాల ఉక్కు స్ప్రింగు, రంగు లేనిది, నిగనిగలాడుతూ బయటికి దూకింది.

మార్లా దాని వైపు చాలాసేపు చూసింది. ఆమెకి నవ్వు రాలేదు. ఎప్పుడో వస్తుందేమో, ఓ పదేళ్ల తర్వాత.

స్ప్రింగుని రెండు వేళ్లతో, వెండెల్ పట్టుకున్నట్టే పట్టుకుని గ్యారేజీకి తిరిగి వచ్చింది.

"ఆఁ, అదే," అన్నాడు డెల్బర్ట్, పోయిన పిల్లి ఇంటికొచ్చినంత సంతోషంగా. "దాని పాత స్ప్రింగు విరిగింది కదా. ఇది సరిగ్గా సరిపోయింది తెలుసా?"

"నా ప్రాణాన్ని కాపాడే స్ప్రింగుని తీసుకెళ్లి కాగితం చుట్టకి కాపలా పెట్టావు."

"ఉత్తినే పడుందని..."

"బిగించు."

బిగించాడు. ఆ సంగతి మాత్రం ఒప్పుకోవాలి, పని మీద కూర్చుంటే డెల్బర్ట్ చేతులు వణకవు. ఒక్కో ముక్కనీ తుడిచి, ఒక చుక్క నూనె రాసి, దేని చోట దాన్ని కూర్చోబెట్టాడు. ఖాళీ పిస్టల్‌ని రెండు మూడుసార్లు ఆడించి చూశాడు. చేపలు తూచే త్రాసు తెచ్చి ట్రిగ్గర్‌కి తగిలించి లాగాడు. ఐదున్నర. మళ్లీ లాగాడు. ఐదున్నరే. మళ్లీ కంకర మీద బస్తా అయింది. అతని మొహంలో బాధ చూస్తే, వండిన కూరలో ఎవరో నీళ్లు పోసినట్టుంది.

రెండుంబావు కావస్తోంది. డెల్బర్ట్ చివరిసారిగా పిస్టల్ పై భాగాన్ని, కాల్చినప్పుడల్లా వెనక్కీ ముందుకీ జారే ఆ ఉక్కు స్లైడుని, గుడ్డతో తుడుస్తూ ఆగాడు. కిటికీ వెలుతురుకేసి తిప్పి చూశాడు. పెదాలు ఏదో లెక్కపెడుతున్నట్టు కదిలాయి. బల్ల చివరున్న తన పిస్టల్ వైపు చెయ్యి చాచాడు.

"మార్లా, ఒక్క నిమిషం. పన్లో పని..."

అంతే. ఆమె అతని చేతిలోంచి పిస్టల్ లాక్కుని పెట్టెలో పెట్టి మూత వేసింది.

"ఇంకొక్కసారి ఆ మాట నీ నోట్లోంచి వచ్చిందంటే, నీ నడుము నేనే బాగుచేస్తాను. ఆ వీడియోలు చూసి."

అతనింకా ఏదో అంటూనే ఉన్నాడు. కారు గ్యారేజీ ముందు నుంచి వెళ్లేటప్పుడు అద్దంలో చూస్తే, ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి గాల్లో ఊపుతూ, రోడ్డు దాకా కుంటుకుంటూ వస్తున్నాడు. మార్లా ఆగలేదు. ఆపరేషను పెట్టుకుని ఈ పరుగేమిటని తిట్టుకుంటూ ముందుకి పోనిచ్చింది.

రేంజికి చేరేసరికి మూడవడానికి పద్దెనిమిది నిమిషాలుంది. వెండెల్ కోటు వేసుకుని తాళాలు చేత్తో పట్టుకుని ఉన్నాడు. కోటు విప్పాడు. త్రాసు తగిలించాడు. ఐదున్నర. స్ప్రింగులు చూశాడు, ఏ రంగూ లేదు. పెద్ద స్ప్రింగుని ముక్కు దగ్గర పెట్టుకుని, దీనికి సబ్బు వాసనేమిటన్నాడు. అడక్కండి అంది మార్లా. అడగలేదు.

యాభై తూటాలు. మొదటి పదింటికే వేలి కణుపు సలపడం మొదలుపెట్టింది. ముప్ఫయ్యో దానికి వేలు తనదేనా అన్నంతగా మొద్దుబారింది. కానీ ఆకుపచ్చ చుక్కలు మాత్రం, ఎక్కడ చూస్తే అక్కడ నిలబడి, నేనిక్కడున్నాను అన్నట్టు కనిపించాయి. పోయినేడు పాత సైట్ల మీది గీతలు ఆమెకి మంచులో చూసినట్టుండేవి. వెండెల్ గురి కాగితం దింపి తూట్లు లెక్కపెట్టి, కళ్లజోడు సర్దుకుని మళ్లీ లెక్కపెట్టాడు. తొంభై ఒకటి.

"సైట్లు బాగా బిగించాడు మీ ఆయన. ఆ ఒక్కటీ చేసి ఊరుకుంటే ఎంత బాగుండేది."

మార్లా బల్ల మీద మోచేతులు ఆనించింది. గురువారం ఆపరేషను జరుగుతుంది. సాయంత్రం ఇంటికెళ్లి తొంభై ఒకటని చెప్పాలి. రెండోసారి చెప్పకూడదు, నెత్తికెక్కుతాడు.

వెండెల్ ఫారం నింపుతున్నాడు. పేరు, తేదీ, మార్కులు, ట్రిగ్గర్ బరువు. అన్నిటికన్నా కింద, సంతకం పైన ఆఖరి గడి, పిస్టల్ నంబరు. అది రెండు చోట్ల ఉంటుంది, కింది ఫ్రేము మీద ఒకటి, పై స్లైడు మీద ఒకటి. పొద్దున తనిఖీ ట్రిగ్గర్ దగ్గరే ఆగిపోయింది కాబట్టి ఈ గడి దాకా రాలేదు. ఫ్రేము మీద నంబరు చదివి రాసుకున్నాడు. పుస్తకంలో ఉన్నదే. స్లైడు మీది నంబరు చదివాడు. కలం ఆగింది. మళ్లీ చదివాడు.

"ఇవి రెండూ కలవడం లేదే."

ఒకేసారి, పక్కపక్కనే, ఒకే తువ్వాలు మీద. మార్లాకి వెంటనే అర్థమైంది. కిటికీ దగ్గర డెల్బర్ట్ పెదాలు ఎందుకు కదిలాయో, తన పిస్టల్ కోసం చెయ్యి ఎందుకు చాచాడో, రోడ్డు దాకా ఎందుకు కుంటుకుంటూ వచ్చాడో. పైభాగాలు తారుమారయ్యాయని, ఇంట్లో ఉన్న రెండోదాని మీద తన నంబరుంటుందని, గంటలో తెస్తానని గబగబా చెప్పింది. తారుమారైతే మార్చుకోవచ్చులే అన్నాడు వెండెల్, ఆ మాట అంటూనే లేచాడు. నంబరు కలవనప్పుడు చెయ్యాల్సిన పని ఒకటుంది, ఎవరికైనా చేస్తాడు. గోడకి అంటించిన జాబితా, కౌంటీలో పోయినవీ దొంగతనమైనవీ, దాని మీద వేలు పెట్టి పైనుంచి కిందికి దింపుకుంటూ వచ్చాడు.

రెండో కాగితం సగంలో వేలు ఆగింది.

"ఆ రెండో పిస్టల్ మీ ఇంట్లోకి ఎలా వచ్చింది మార్లా?" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. ఇందాకటి గొంతు కాదది.

"ఎందుకూ?"

"మూడేళ్ల కిందట ట్రక్కు అద్దం పగలగొట్టి ఎత్తుకుపోయారని ఫిర్యాదు. రాసుకున్నది నేనే. పోయిన పిస్టల్‌కి ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర పరిహారం కూడా తీసుకున్నాడు." ఇప్పుడు తిరిగాడు. "ఫిర్యాదు ఇచ్చింది మీ మరిది. కార్విన్ క్విగ్లీ."

ఫారం బల్ల మీద అలాగే ఉంది, సంతకం చోటు ఖాళీగా. గడియారంలో మూడవడానికి రెండు నిమిషాలు. సరిగ్గా అప్పుడే ఫారం పక్కనున్న మార్లా ఫోను వణకడం మొదలుపెట్టింది. తెర మీద డెల్బర్ట్ ఫోటో, కిందటి వేసవిలో పట్టిన చేపతో, నవ్వుతూ.

వెండెల్ వచ్చి ఎదురుగా కూర్చుని, ఫోనుని ఒక వేలితో ఆమె వైపు జరిపాడు.

"ఎత్తు. స్పీకర్లో పెట్టు. నేనున్నానని చెప్పకు."

పెళ్లయిన ముప్ఫయ్యొక్క ఏళ్లలో డెల్బర్ట్ ఒక్కసారి కూడా అవతలివాళ్లు ఎక్కడున్నారో, పక్కన ఎవరున్నారో అడిగి మాట్లాడిన మనిషి కాడు. ఇవాళైనా అడుగుతాడేమోనని, అడగాలని, ఆమె లోపల్లోపల దణ్ణం పెట్టుకుంటూ మీట నొక్కింది.

ఆయాసపడుతున్న గొంతు రేంజంతా వినిపించింది.

"మార్లా, ఆ స్ట్రూప్ ముసలాడు ఇంకా నంబర్లు చూళ్లేదు కదా?"